బండి కదలకపోతే తప్పు బాటరీదేనా?

తెల్లవారి అయిదున్నరకే క్యాన్లు నిండాయి. శాంపిళ్ళు తీశారు, వెన్న పరీక్ష అయింది, కార్యదర్శి పుస్తకం మూశాడు. వ్యాను మాత్రం రాలేదు. కబురు చేస్తే ముందు ఊళ్ళోనే ఆగిపోయిందన్నారు. సెల్ఫ్ కొడితే 'టక్, టక్' మనడమే గాని ఇంజను తిరగడం లేదట. నలుగురు కలిసి తోసి, స్టార్టు చేసి, శీతలీకరణ కేంద్రానికి చేర్చేటప్పటికి తొమ్మిది దాటింది. అక్కడ మరగబెట్టి చూస్తే రెండు క్యాన్ల పాలు విరిగాయి.

ఇలాంటి ఉదయం మన రూట్లలో చాలామందికి అనుభవమే. పిండిన పాలు పశువు ఒంటి వేడితో, సుమారు 38 డిగ్రీల సెంటీగ్రేడులో ఉంటాయి. వాటిని త్వరగా 4 డిగ్రీలకు దించితే గాని సూక్ష్మజీవుల పెరుగుదల అదుపులోకి రాదు. వేసవిలో అరగంట ఆలస్యమైనా లెక్కలోకి వస్తుంది. బండి సంఘానిదైనా, రూటు కాంట్రాక్టరుదైనా, అది దారిలో ఆగితే నష్టం ఆ రూటులోని పాడి రైతులందరిదీ.

అటువంటి రోజు సాయంత్రం ఏమి జరుగుతుందో కూడా మనకు తెలుసు. 'బాటరీ పోయిందండీ, కొత్తది వేయించాలి' అంటాడు డ్రైవరు. పాలకవర్గం బిల్లు మంజూరు చేస్తుంది. ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ అదే మాట, అదే బిల్లు. పాలను మనం రంగు చూసి కొనం. లాక్టోమీటరు వేస్తాం, వెన్న శాతం చూస్తాం. బాటరీని మాత్రం సెల్ఫ్ చప్పుడు ఒక్కటి విని తీసి పారేస్తున్నాం. కొత్త బాటరీ కొనేముందు పదిహేను నిమిషాలు పరీక్షకు వెచ్చించండి అని చెప్పడానికే ఈ వ్యాసం. ఇందుకు కావలసిన పరికరం ఒక మామూలు మల్టీమీటరు. రేడియో, మోటారు రిపేరు చేసేవారి దగ్గర ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. సంఘం స్వంతంగా ఒకటి కొనుక్కున్నా బాటరీ ధర ముందు దాని ఖరీదు ఎంతో కాదు.

బాటరీ నింపేది ఎవరు?

బాటరీ విద్యుత్తును పుట్టించదు, దాచి ఉంచుతుంది. ఇంజను తిరగడానికి కావలసిన పెద్ద దెబ్బ అది ఇస్తుంది. ఇంజను అందుకున్న తరువాత దీపాలకు, హారన్‌కు, బాటరీని తిరిగి నింపడానికి కావలసినదంతా ఇంజను బెల్టుతో తిరిగే యంత్రం ఇస్తుంది. దానిని మన మెకానిక్కులు ఇప్పటికీ డైనమో అంటారు గాని, నేటి బండ్లలో ఉండేది ఆల్టర్నేటర్. లోపల విద్యుదయస్కాంతం తిరుగుతూ ఉంటే చుట్టూ ఉన్న మూడు చుట్టలలో ఏ.సి. కరెంటు పుడుతుంది. డయోడ్లు దానిని డి.సి.గా మారుస్తాయి. వోల్టేజి హద్దు దాటకుండా రెగ్యులేటరు చూస్తుంది. అక్కడినుంచి లావుపాటి తీగ గుండా బాటరీకి చేరి, బాడీ, ఛాసిస్, ఎర్త్ తీగల గుండా తిరిగి ఆల్టర్నేటర్‌కు వస్తుంది.

కాలువ నీరు చివరి పొలానికి అందకపోతే తప్పు చెరువుదే అనుకోము గదా; తూము, గట్టు, మధ్యలో గండి అన్నీ చూస్తాం. ఇక్కడా బెల్టు, ఆల్టర్నేటర్, రెగ్యులేటరు, తీగలు, ఎర్త్, చివరికి బాటరీ ఉన్నాయి. వీటిలో ఏది చెడినా డ్రైవరుకు కనిపించే లక్షణం ఒక్కటే: ఉదయం సెల్ఫ్ తిరగదు.

మీటరు పట్టేముందు

ముందు కంటితో చూడండి. బాటరీ కొనల మీద తెల్లగానో ఆకుపచ్చగానో పూత కట్టి ఉంటే కరెంటు అక్కడే ఆగుతోందన్నమాట. ముందు నెగెటివ్ తీగ, తరువాత పాజిటివ్ తీగ విప్పి, తినే సోడా కలిపిన వేడినీటితో కడిగి, గీరి, ఆరాక పాజిటివ్ ముందు, నెగెటివ్ చివరన బిగించి వాజిలైన్ రాయాలి. ఈ వరస ఎందుకంటే, నెగెటివ్ తగిలి ఉండగా పాజిటివ్ విప్పుతుంటే పానా బాడీకి తగిలి షార్టు అవుతుంది. సోడా నీరు బాటరీ లోపలికి పోకుండా మూతలు గట్టిగా ఉండాలి.

పాల బండ్లకు ప్రత్యేకంగా ఒక జాడ్యం ఉంది. క్యాన్లు ఎక్కించి దించేటప్పుడు ఒలికిన పాలు, బండి కడిగిన నీళ్ళు, రోడ్డు దుమ్ము కలిసి బాటరీ పైన జిగట పొరగా పేరుకుంటాయి. ఆ తడి పొర గుండా కూడా కొద్దికొద్దిగా ఛార్జి కారిపోతుంది. నమ్మకపోతే మీటరు నల్ల తీగను నెగెటివ్ కొనకు, ఎర్ర తీగను బాటరీ పై డబ్బాకు ఆనించి చూడండి. శుభ్రమైన బాటరీ మీద దాదాపు ఏమీ చూపదు. మురికిదైతే అర వోల్టో, ఇంకా ఎక్కువో చూపడం నేను చాలాసార్లు చూశాను.

బెల్టును రెండు కప్పీల మధ్య బొటనవేలితో నొక్కితే సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. అంతకు మించితే జారుతుంది. హెడ్‌లైట్లు వేయగానే 'కీచ్' మంటే అది బెల్టు మొర పెట్టుకోవడమే. లోపలి వైపు అద్దంలా నిగనిగలాడే బెల్టును బిగించినా లాభం లేదు, మార్చాలి. అలాగని మరీ బిగిస్తే ఆల్టర్నేటర్ బేరింగులు పోతాయి.

తాళం తిప్పగానే బాటరీ గుర్తు ఉన్న ఎర్రదీపం వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. ఆరకపోతే ఛార్జి కావడం లేదు. మసకగా వెలుగుతూ ఉంటే డయోడ్లనో బ్రష్‌లనో అనుమానించాలి. అసలు వెలగనే వెలగకపోతే 'దీపం రావడం లేదు, అంతా బాగుంది' అనుకునేవారున్నారు. అది పొరపాటు. చాలా బండ్లలో ఆల్టర్నేటర్ మేల్కొనడానికి కావలసిన మొదటి కొద్దిపాటి కరెంటు ఆ దీపం గుండానే వెళుతుంది. ఆ చిన్న బల్బు మాడిపోయినందువల్లే ఛార్జి ఆగిపోయిన బండ్లు ఉన్నాయి.

మూడు కొలతలు

ఇవి 12 వోల్టుల బండి లెక్కలు. మీటరును 20 వోల్టుల డి.సి. మీద పెట్టి, ఎర్ర తీగ పాజిటివ్ కొనకు, నల్ల తీగ నెగెటివ్ కొనకు ఆనించండి.

మొదటిది, రాత్రంతా ఆగి ఉన్న బండికి తెల్లవారి తాళం తిప్పకముందు తీసుకోవాలి. 12.6 లేదా ఆపైన ఉంటే బాటరీ నిండుగా ఉంది. 12.4 ఉంటే ముప్పాతిక, 12.2 ఉంటే సగం, 12కు దిగితే దాదాపు ఖాళీ. తేడా పాయింట్లలోనే ఉంటుంది గనుక సూది మీటరు కంటే అంకెల మీటరు మేలు. బండి ఆపిన వెంటనే చూస్తే పైపై ఛార్జి వల్ల కొలత ఎక్కువ చూపి మోసం చేస్తుంది. ఆగడానికి వ్యవధి లేకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి, ఆర్పి, కాసేపాగి చూడండి.

రెండవది, ఒకరు సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు మీటరు చూడాలి. నిండిన బాటరీ అయితే ఆ క్షణంలో 9.6 వోల్టుల కంటే కిందికి జారకూడదు. ముందు 12.6 చూపి, సెల్ఫ్ కొట్టగానే 7కో 8కో కూలిపోతే బాటరీ శక్తి నశించిందని చెప్పవచ్చు. ఖాళీ బాటరీ కూడా ఇలాగే కూలుతుంది కాబట్టి, బయటి ఛార్జరు మీద నింపి మళ్ళీ పరీక్షించే వరకు తీర్పు చెప్పకండి. ఇక వోల్టేజి 11.5 పైనే నిలిచి, సెల్ఫ్ మాత్రం తిరగకపోతే? బాటరీ ఇవ్వడానికి సిద్ధంగానే ఉంది, తీసుకునేది సరిగా లేదు. సెల్ఫ్ మోటారు, దాని సాలినాయిడు, తీగలు చూడాలి.

మూడవది అసలైనది. ఇంజను స్టార్టు చేసి, యాక్సిలరేటరు కొద్దిగా తొక్కి ఉంచి చూడండి. 13.8 నుంచి 14.5 వరకు ఉండాలి. తరువాత హెడ్‌లైట్లు, వైపరు, ఫ్యాను అన్నీ వేయండి. అప్పుడూ 13.5కు తక్కువ కాకూడదు. వోల్టేజి పెరగక 12.5 దగ్గరే ఉండిపోతే బాటరీకి తిండి అందడం లేదు. 15 దాటిపోతూ ఉంటే రెగ్యులేటరు చెడింది. అటువంటి బండిలో నీళ్ళు మాటిమాటికీ ఇంకిపోతాయి, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తుంది, బల్బులు తరచు మాడుతాయి. 'ఈ బాటరీ నీళ్ళు బాగా తాగుతోంది' అని దానిని నిందిస్తాం. దానికి పట్టి తాగిస్తున్నది రెగ్యులేటరు.

2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నిబంధనలు వచ్చిన తరువాతి బండ్లలో కొన్నింటికి ఆల్టర్నేటర్‌ను కంప్యూటరే నడుపుతుంది. అవసరం లేదనుకున్నప్పుడు అది ఛార్జి తగ్గిస్తుంది. కాబట్టి అటువంటి బండిలో ఒక్కసారి 13 చూపినంత మాత్రాన చెడిపోయిందనకూడదు. లైట్లు వేసి, కాసేపు నడిపి, తయారీదారు పుస్తకంలోని అంకెతో పోల్చాలి.

రెండేళ్ళలో మూడు బాటరీలు

ఒక సంఘం బండికి రెండేళ్ళలో మూడు బాటరీలు మార్చారు. మూడోది కూడా నీరసించాక నన్ను చూడమన్నారు. ఇంజను నడుస్తుండగా బాటరీ కొనల దగ్గర 13.1 చూపింది. 'ఆల్టర్నేటర్ మార్చేద్దాం' అన్నాడు మెకానిక్కు. అతని మాటలో అన్యాయం లేదు, తక్కువ చూపుతున్నమాట నిజమే. కాని అదే మీటరును ఆల్టర్నేటర్ వెనుక ఉన్న లావు బోల్టుకు, దాని ఒంటికి ఆనించి చూస్తే 14.2 ఉంది. అక్కడ పుట్టింది, ఇక్కడికి చేరలేదు. దారిలో 1.1 వోల్టు పోయింది.

దారిలో పోయినదానిని వెతకడం తేలిక. ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మీటరు ఒక కొసను ఆల్టర్నేటర్ బోల్టుకు, రెండో కొసను బాటరీ పాజిటివ్‌కు పెట్టాలి. మంచి తీగ అయితే 0.2, 0.3 వోల్టులకు మించి చూపదు. తరువాత ఆల్టర్నేటర్ ఒంటికి, బాటరీ నెగెటివ్‌కు మధ్య చూడాలి. ఇక్కడ 0.2 లోపే ఉండాలి. ఆ బండిలో పాజిటివ్ వైపు బాగానే ఉంది. నెగెటివ్ వైపు దాదాపు ఒక వోల్టు చూపింది. కిందకు దూరి చూస్తే, ఇంజను నుంచి ఛాసిస్‌కు వేసిన అల్లిక తీగ సగం పోగులు తెగి, బోల్టు కింద తుప్పు పట్టి ఉంది. క్యాన్లు కడిగిన నీళ్ళు ఏళ్ళ తరబడి దాని మీదే పడ్డాయి.

ఆ తీగ మార్చి, బోల్టు కింది ఇనుము తెల్లగా మెరిసేదాకా గీరి బిగించగానే బాటరీ దగ్గర కొలత 14 వోల్టులు చూపింది. కొత్త బాటరీ వేసినప్పుడల్లా కొన్ని నెలలు బాగా నడవడానికీ కారణం ఇదే. షాపులో నిండుగా నింపి ఇచ్చిన దానితో అది నెట్టుకొచ్చేది. రోజూ కొంచెం తక్కువ తింటూ ఉంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, అలా గట్టిపడినది తిరిగి కరగడం కష్టం. ఆకలికి చచ్చిన బాటరీలను ముసలితనానికి చచ్చినవాటిగా లెక్కవేశారు.

ఆ బండి పాత రసీదులు పాలకవర్గం ముందు పెట్టినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. తీగ ఖరీదు ఒక్క బాటరీ ధరలో పదో వంతు కూడా లేదు.

బండి మంచిదే, వాడకం ఆకలిది

అన్నీ సరిగా ఉన్నా బాటరీ దిగిపోయే రూట్లు ఉన్నాయి. లెక్క వేసి చూడండి. పదహారు సంఘాల దగ్గర ఆగే బండి ఉంది. చీకట్లో క్యాన్లు కనపడాలని ఇంజను ఆపి, హెడ్‌లైట్లు వెలుగుతూనే వదిలేస్తారు. ఒక్కోచోట అయిదు నిమిషాలంటే మొత్తం 80 నిమిషాలు. 60 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు తాగుతాయి. అంటే సుమారు 13 ఆంపియర్-గంటలు లైట్లకే పోయాయి. పదహారుసార్లు హీటరు, సెల్ఫ్ వాడినందుకు ఇంకో మూడు నాలుగు కలపండి. 60 ఆంపియర్-గంటల బాటరీలో పాతిక శాతానికి పైగా ఒక్క పూటలో ఖర్చయింది. ఊరికీ ఊరికీ మధ్య మూడు కిలోమీటర్లు, గుంతల రోడ్డు మీద రెండో గేరులో పోతే ఆల్టర్నేటర్ ఎంత తిరిగి ఇవ్వగలదు? సాయంత్రం రూటులోనూ ఇదే తంతు.

దీనికి మందు బాటరీ కాదు. సంఘం వాకిట్లో ఒక దీపం పెట్టించండి, లేదా బండి వెనుక చిన్న ఎల్.ఇ.డి. దీపం వేయించండి.

రాత్రి ఆగి ఉన్న బండిలో ఛార్జి కారిపోతోందని అనుమానమైతే, అన్నీ ఆర్పి, తలుపులు మూసి, నెగెటివ్ తీగ విప్పి, ఆ తీగకూ బాటరీ కొనకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టండి. గడియారం, కంప్యూటరు వంటివి వాడుకునేది 0.05 ఆంపియరుకు మించకూడదు. అర ఆంపియరు చూపితే రోజుకు 12 ఆంపియర్-గంటలు పోతున్నట్లే. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ లైనులో దొంగ ఉన్నాడు. చాలాసార్లు అది తరువాత తగిలించిన పాటల పెట్టే అయి ఉంటుంది. ఒక్క జాగ్రత్త: మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది.

లాక్టోమీటరు తమ్ముడు

మూతలు తీసే బాటరీ అయితే హైడ్రోమీటరు వాడవచ్చు. మన లాక్టోమీటరు సూత్రమే. చిక్కని ద్రవంలో తేలుతుంది, పలచని దానిలో మునుగుతుంది. నిండిన బాటరీ ఆసిడ్ తయారీని బట్టి 1.240 నుంచి 1.280 వరకు ఉంటుంది. దిగిపోయినప్పుడు 1.100 ప్రాంతానికి వస్తుంది. అసలు చూడవలసినది ఆరు గదుల మధ్య తేడా. అయిదు గదులు 1.240 ఉండి ఒకటి 1.180 ఉంటే ఆ గది చెడింది, ఆ బాటరీ మార్చక తప్పదు. క్యాను కలియబెట్టకుండా శాంపిలు తీయనట్లే, నీళ్ళు పోసిన వెంటనే కొలవకూడదు. ఛార్జి అయి బాగా కలిశాక కొలవాలి.

ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్ళు వద్దు, ఆసిడ్ కలపవద్దు. సీలు బాటరీల మీద కనిపించే పచ్చ కన్ను ఆరు గదులలో ఒక్కదాని సంగతే చెబుతుందని గుర్తుంచుకోండి. రెంటచింతల వంటి ఎండలున్నచోట ఇంజను పక్కనే ఉన్న బాటరీకి ఆయుష్షు ఎలాగూ తక్కువే. వేడిని అడ్డే రేకు ఊడిపోయి ఉంటే తిరిగి పెట్టించండి.

చేయకూడనివి

ఇంజను నడుస్తుండగా బాటరీ తీగ ఊడదీసి, 'ఆగకపోతే డైనమో మంచిదే' అని తేల్చే పద్ధతి ఇంకా పోలేదు. పాత డైనమోల కాలంనాటి అలవాటు అది. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో బాటరీ తప్పుకున్న క్షణాన వోల్టేజి ఒక్కసారిగా ఎగసి డయోడ్లు, రెగ్యులేటరు, నేటి బండ్లలోని కంప్యూటరు దెబ్బతింటాయి. కొనలను పానాతో తాకించి నిప్పురవ్వ చూడడం ఇంకా ప్రమాదం. ఛార్జి అయ్యే బాటరీ నుంచి హైడ్రోజను వాయువు వస్తుంది. ఒక్క రవ్వ చాలు, డబ్బా పగిలి ఆసిడ్ ముఖం మీద పడుతుంది. దగ్గర బీడీ వెలిగించకండి. కంట్లో పడితే నీళ్ళతో పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా కడిగి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. క్యాన్ల కటకటాలకు వెల్డింగు చేయించేముందు బాటరీ తీగలు, ఆల్టర్నేటర్ తీగలు విప్పించండి.

దారిలో మరో బండి నుంచి కరెంటు అందుకునేటప్పుడు పాజిటివ్‌ను పాజిటివ్‌కు కలిపి, నల్ల తీగ చివరి కొసను మన బాటరీకి కాక, దూరంగా ఇంజను ఇనుముకు తగిలించాలి. లారీలు, ట్యాంకర్లు 24 వోల్టులవి. వాటినుంచి 12 వోల్టుల బండికి తీసుకోకండి. ట్యాంకర్ల రెండు బాటరీలలో ఒకదాని నుంచే పాటలకు, ఫ్యానుకు 12 వోల్టులు లాగితే అది ముందు దిగి, రెండోదానిని కూడా చెడగొడుతుంది.

ఇక పాల కూలరు దగ్గరి జనరేటరు. ఇది నెలల తరబడి ఊరికే ఉండి, కరెంటు పోయిన రాత్రే స్టార్టు కాదు. వారానికోసారి అయిదు నిమిషాలు నడిపితే స్టార్టుకు ఖర్చయినది తిరిగి వచ్చినా, మన వేడికి దానంతటది దిగిపోయినది పూడకపోవచ్చు. గోడ కరెంటుతో నడిచే చిన్న ఛార్జరు తగిలించి ఉంచడం మేలు. దాని బాటరీ కొనల దగ్గర మొదటి కొలతను నెలకోసారి తీసి, బండి లాగ్‌బుక్‌లో లాగే తేదీ వేసి రాయండి. బండికైతే మూడు కొలతలూ రాయాలి, బాటరీ వేసిన తేదీ మొదటి పేజీలో ఉండాలి. ఈసారి బాటరీ బిల్లు పాలకవర్గం ముందుకు వస్తే ఆ పేజీని కూడా తెమ్మని అడగండి.